నీలం కుదరని రోజులు

జూన్ 4

శాలువా ఆవిడ ఇవాళ నా ఈజిల్ మీదికొచ్చింది. మ్యూజియం జాబితాలో దాని పేరు "కిటికీ దగ్గర స్త్రీ". వేసిందెవరో తెలియదు. ల్యాబ్‌లో అందరం శాలువా ఆవిడ అనే అంటాం, ఇంట్లో మనిషిని అన్నట్టు. కిందటి వానల్లో గిడ్డంగి కప్పు కారి బొమ్మ ఎడమ సగం తడిసింది. మొహానికేం కాలేదు. దెబ్బంతా శాలువాకి. నీలం పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. లేచిపోయిన చోట్లన్నీ కిందటి నెలంతా బల్ల మీద పెట్టి తెల్ల పుట్టీ నింపి చదును చేశాను. ఇప్పుడు చూస్తే నీలం శాలువా మీద ఎవరో సున్నం చిలకరించినట్టుంది. ఇక రంగు నింపడమే మిగిలింది.

మధ్యాహ్నం ఆర్ట్ కాలేజీ పిల్లలొచ్చారు. ఎప్పుడూ చెప్పేవే చెప్పాను. తెల్లమచ్చ దాటి పాత రంగు మీదికి కుంచె వెంట్రుకవాసి కూడా పోకూడదు. మనం వేసింది రేపు ఎవరైనా దూదితో తుడిస్తే పోవాలి. ఎవరు ఎక్కడ ఏం వేశారో రిపోర్టులో రాసి సంతకం పెట్టాలి. నేను సన్నటి నిలువు గీతలతో నింపుతాను, మా మేడమ్ కాలం వాళ్ళు చుక్కలు పెట్టి నింపేవారు, నాలుగడుగుల దూరంలో నిలబడితే రెండూ ఒకటే. ఎవరికీ తెలియకుండా వేస్తే ఏమవుతుందని ఒకమ్మాయి అడిగింది. దాన్ని మరమ్మతు అనరు, మోసం అంటారు అన్నాను. పిల్లలు రాసుకున్నారు. అంత గట్టిగా చెప్పినందుకు నాకే కాస్త సిగ్గేసింది. మామూలుగా నేను దేని గురించీ అంత గట్టిగా అనుకోను.

మేడమ్ డిసెంబరులో రిటైరవుతున్నారు. ల్యాబ్ హెడ్ కుర్చీకి నా పేరు రాసి పంపారట. ఆ సంగతి మేడమ్ చెప్పలేదు, మా ఫొటోగ్రాఫర్ చెప్పాడు. నాకంటే పెద్దవాడే అయినా నన్ను అక్కగారూ అంటాడు. ఇక సెలవు చీటీలన్నీ మీ దగ్గరికే కదా, దయ చూపడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఆ కుర్చీ నాకు కావాలో వద్దో తెలియదు. వద్దనుకుంటే దాని గురించి ఇంత రాయను.

జూన్ 9

నీలం కుదరలేదు. లైటు వల్ల.

జూన్ 13

లైట్లు మార్పించాను. ఎలక్ట్రీషియన్ స్టూలెక్కి, పాత బల్బులు కిందటి నెలలో వేసినవే అని రెండుసార్లు చెప్పాడు. అయినా మార్చమన్నాను.

కొత్త వెలుగులో శాలువా అంచున ఒక పెద్ద మచ్చ నింపాను. కలిపిన రంగు పాత రంగు పక్కన పెట్టి చూస్తే ఎక్కడ ఇది ఆగిందో, ఎక్కడ అది మొదలైందో తెలియలేదు. అలాంటి రోజులు నెలకొకటి వస్తే చాలు. ఫొటో తీయించాను. ఫొటోగ్రాఫర్ స్క్రీన్ మీద పెద్దది చేసి, శాలువాకి మాసికలేసినట్టుంది అక్కగారూ అన్నాడు. నిజంగానే అలాగే ఉంది. నీలంలో బూడిదరంగు మాసికలు. మీ కెమెరాలో తేడా ఉందన్నాను. బొమ్మ పక్కన పెట్టిన రంగుల కార్డు చూపించి, కార్డు మాత్రం సరిగ్గా వచ్చిందే అన్నాడు. కార్డు పాతదన్నాను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని రాస్తుంటే ఇప్పుడనిపిస్తోంది. కానీ కార్డు నిజంగానే పాతది.

జూన్ 15

ఇవాళ మళ్ళీ తీయించాను. మాసికలు లేవు. శాలువా అంచు మొత్తం ఒకే నీలం. ఫొటోగ్రాఫర్ కూడా తల గోక్కున్నాడు. రంగు లోపలిదాకా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. తడి మీద ఫొటో తీస్తే ఏ రంగైనా అంతే. ఇరవై ఏళ్ళ నుంచి చేస్తున్న పనిలో ఈ మాత్రం గుర్తు లేకపోతే ఎలా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇన్నేళ్ళూ ఇది తెలియకుండా ఎలా గడిచింది? ఈ బ్రాండు రంగులు కొత్తవి. అదీ కారణం.

జూన్ 23

చెల్లి వచ్చింది. అది పుస్తకాలకి అట్టలు డిజైన్ చేస్తుంది. నేను పాతవాటికి అతుకులేస్తాను, అది కొత్తవాటికి ముఖాలు పెడుతుంది. అందుకే దానికి సంపాదన, నాకు ఓపిక అని చెప్పుకుంటుంటాం. ఒక నవలకి రెండు అట్టలు చేసి ప్రింటు తీసుకొచ్చింది. ఏది బాగుందో చెప్పమంది. రెండూ ఒకటే కదా, ఎక్కడ తేడా అన్నాను. జోక్ అనుకుని నవ్వింది. నేను నవ్వలేదు.

"ఒకటే అంటావేంటక్కా? ఇది నీలం, అది బూడిద. మ్యూజియం వాళ్ళు నీకు జీతమిస్తోంది ఆ కళ్ళకే కదా."

కాగితాలు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. కొంచెం తేడా కనిపించింది, లేదా కనిపించిందనుకున్నాను. ప్రింటు బాగాలేదన్నాను. అది వాదించకుండా కాగితాలు సంచిలో పెట్టేసుకుంది. అది ఊరికే ఉండే మనిషి కాదు. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, కళ్ళు ఎప్పుడు చూపించుకున్నావ్ అని అడిగింది. కొత్త కళ్ళజోడు తీసుకుని ఎంతో కాలం కాలేదన్నాను. చిన్న అక్షరాలు ఇప్పటికీ బాగానే చదువుతాను. దారం సూదిలోకి మొదటిసారికే ఎక్కిస్తాను.

జూలై 2

మా ఆయన ఒక కాలికి నల్ల మేజోడు, ఒక కాలికి నీలం మేజోడు వేసుకుని కాలేజీకి వెళ్ళారు. మడతపెట్టి జత చేసింది నేనే. స్టాఫ్ రూమ్‌లో అందరూ చూశారట. లెక్కల మాస్టారు కదా, కొత్త ఫార్ములా అయ్యుంటుందిలే అన్నారట. కామెర్లొచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు, నీకేమొచ్చిందో లోకమంతా నల్లగా కనిపిస్తోంది అని ఆయన సరదాగానే అన్నారు.

ముదురు నీలం, నలుపు ఎవరికైనా కలిసిపోతాయి.

జూలై 4

బాగా సాగుతోంది. శాలువా సగం పైన అయింది. పొద్దున వేసినప్పుడు ఎలా ఉన్నా, తర్వాతి ఫొటోకల్లా సర్దుకుంటోంది. ఇప్పుడు నేనూ కంగారు పడడం మానేశాను. మేడమ్ వచ్చి వెనక నిలబడి చూశారు. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే బాగున్నట్టే లెక్క.

జూలై 8

డైరెక్టరు గది. ఇంటర్వ్యూ అనరాదు, టీ తాగుతూ మాట్లాడారు. కుర్చీలో కూర్చున్నాక బల్ల దగ్గరి పని దాదాపు వదిలేయాల్సి వస్తుంది, ఫరవాలేదా అన్నారు. ఫరవాలేదన్నాను. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో బయటికొచ్చాక ఆలోచించాను. చిన్నప్పట్నుంచీ నన్ను ఏదైనా వదులుకోమంటే నాలుగు రోజులు గింజుకుంటాను. ఈసారి గింజుకోలేదు. వయసనుకుంటాను.

ప్రదర్శన అక్టోబరులో. ప్రకటన పోస్టరు మీద శాలువా ఆవిడే. పోస్టరు మీద ఆ శాలువా గోడంత ఉంటుంది.

జూలై 16

మేడమ్ వాళ్ళ అక్కగారికి మోకాలి ఆపరేషన్. తోడుండడానికి వెళ్ళారు. ల్యాబ్ తాళాలు నాకిచ్చారు. పొద్దున అందరికంటే ముందు వచ్చి తలుపు తీసేది ఎప్పుడూ ఆవిడే. ఇవాళ నేను తీశాను.

జూలై 19

మెడ దగ్గరి మడత నింపాను. ఫొటోలో బూడిద.

జూలై 22

ఇంకా బూడిదే. వేసి మూడు రోజులయింది. తడి ఉండే అవకాశం లేదు, వేలుతో తాకి చూశాను. ఫొటోగ్రాఫర్ కెమెరా మూత పెడుతూ నవ్వి, మేడమ్ ఊళ్ళో లేకపోతే రంగులు కూడా ఆరవా ఏంటి అక్కగారూ అన్నాడు. సరదాకే అన్నాడు. అతనికి ఏమీ తెలియదని నాకు గట్టి నమ్మకం.

అతను వెళ్ళాక చీకటి గది తాళంచెవి వెతికి బల్ల మీద పెట్టుకున్నాను.

జూలై 23

చీకటి గదిలో యూవీ దీపం కింద పెట్టాను. ఆ వెలుగులో పాత రంగులూ పాత వార్నిషూ పచ్చటి పొగలా మెరుస్తాయి. కొత్తగా వేసినవి మెరవవు. నల్లటి మరకల్లా నిలబడతాయి. మనం ఎక్కడెక్కడ ముట్టుకున్నామో దాచుకోవడానికి వీల్లేని వెలుగు అది. మామూలుగా పనంతా అయ్యాక చూస్తాం. మధ్యలో ఎవరూ చూడరు, అవసరం ఉండదు కనక.

నా గీతలు కనిపించాయి. సన్నగా, నిలువుగా, వాన జల్లులా. మెడ దగ్గరి మడతలో అవొక్కటే ఉన్నాయి. మిగతా శాలువా అంతటా నా గీతల మీద చుక్కలున్నాయి. నా రంగులకంటే ఒక వన్నె నలుపు, వేరే పెట్టెలోని రంగులు. ఆవగింజలో సగం కూడా లేని చుక్కలు, ఒకదాన్నొకటి తగలకుండా. గీతలు వేసే మనిషి చుక్కలు పెట్టదు. పెట్టినా అలా పెట్టలేదు.

ఈ ఊళ్ళో ఆ చెయ్యి ఒక్కటే ఉంది.

దీపం ఆపేసి బయటికొచ్చాను. ఎండకి కళ్ళు చెదిరాయి. ఎండ పసుపుగా ఉంది. ఎండ పసుపుగానే కదా ఉంటుంది అనుకున్నాను.

జూలై 24

గ్యాలరీకి సెలవు. చేతిలో పట్టే చిన్న యూవీ దీపం తీసుకెళ్ళాను. కిందటేడు నేను చేసిన గుర్రబ్బండి బొమ్మ ముందు పరదా కప్పుకుని, స్టూడియోలో ఫొటోవాళ్ళలా తల లోపల పెట్టి చూశాను. వాచ్‌మన్ ఏమనుకున్నాడో. బొమ్మలో ఆకాశమంతా ఆ చుక్కలే.

దానికి ముందు చేసిన పళ్ళబుట్ట బొమ్మలో లేవు. అన్నీ నా గీతలే. అది చూసి ఎంత ఊరట కలిగిందో, అంత ఊరట కలిగినందుకు అంత భయమేసింది.

జూలై 25

ఏమీ రాయాలని లేదు.

జూలై 28

చెల్లితో కలిసి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అప్పుడే తీసుకెళ్ళాల్సింది అని దారంతా అది తనని తిట్టుకుంది. నన్ను తిట్టకుండా తనని తిట్టుకోవడం దానికి కొత్త.

శుక్లాలు. రెండు కళ్ళలోనూ. ఈ వయసుకి తక్కువమందికి వస్తాయి, రాకూడదని మాత్రం లేదు అన్నాడు డాక్టరు. నా కంటి లోపలి ఫొటో చూపించాడు. తెల్లగా అడ్డుపడే రకం అయితే చూపు మసకబారి ముందే తెలిసేదట. నాది అలా కాదు, లోపలి కటకం నెమ్మదిగా తేనెరంగుకి తిరిగింది. పసుపు అద్దంలోంచి చూస్తున్నట్టు. ఆ అద్దం నీలాన్ని లోపలికి రానివ్వదు కాబట్టి నీలమూ బూడిదా రెండూ ఒకేలా మాసిపోయి కనిపిస్తాయి. అక్షరాలకేం ఇబ్బంది ఉండదు. సూదీ దారానికీ ఉండదు.

"మీరేం చేస్తుంటారు?"

"రంగులు కలుపుతాను."

డాక్టరు కాగితం మీద రాస్తున్నది ఆపాడు. చెల్లి కిటికీలోంచి బయటికి చూసింది. ఆపరేషన్ చేస్తే పూర్తిగా బాగవుతుందని చెప్పాడు. ముందొకటి, తర్వాత ఒకటి. ఎన్నాళ్ళ నుంచి ఉండి ఉంటుందని అడిగాను. ఏడాది పైన, రెండేళ్ళు కూడా కావచ్చు, ఇలాంటిది రోజురోజుకీ పెరుగుతుంటే మనిషికి తెలియదు, పక్కవాళ్ళకే ముందు తెలుస్తుంది అన్నాడు.

తెలిసింది. పక్కవాళ్ళకే ముందు తెలిసింది.

జూలై 30

శాలువా ఆవిడ పని ఆపేశాను. కీళ్ళనొప్పులని చెప్పాను. కంటికీ కీళ్ళకీ ఏం సంబంధమో.

ఆగస్టు 3

మేడమ్ వచ్చారు. వాళ్ళక్కగారు నడుస్తున్నారట, నడుస్తూ అందరినీ తిడుతున్నారట. ఆ కబుర్లన్నీ విని, టీ కప్పులు కడిగి, తలుపు వేసి వచ్చి కూర్చున్నాను. ఇలా మాట్లాడాలి, అలా మాట్లాడాలి అని వారం రోజులుగా అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. యూవీ దీపం కింద చూశాను మేడమ్ అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచారు. తొందరేమీ పడలేదు.

"ఎక్కడిదాకా చూశావ్?"

"గుర్రబ్బండి దాకా."

"అక్కడే మొదలు. దానికి ముందు లేదు."

నాకెందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు మామూలుగానే ఉంది, నాకే ఆశ్చర్యంగా. మొదటిరోజు చెప్పడానికే నా బల్ల దగ్గరికి వచ్చారట. పొద్దున్నే. నేనింకా రాలేదు. బొమ్మ ఎదురుగా ఉంది, ఆకాశంలో నా బూడిద మచ్చలు. పక్కన కుంచె కడిగి పెట్టి ఉంది. తన గదిలో బీరువాలో ఉన్న పాత రంగుల పెట్టె తెచ్చుకుని ఒక్క మచ్చ సరిచేశారు. నేను వచ్చాక చెబుదామనుకున్నారు. నేను వచ్చాను, ఆకాశం బాగా కుదిరింది మేడమ్ అని సంబరపడ్డాను. ఇక చెప్పలేదు.

నా మీద జాలితోనే చెప్పలేదనుకున్నాను ఈ వారమంతా. అదే అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"జాలి ఉంది. లేదనను. కానీ అబద్ధమెందుకు చెప్పాలి నీకు? నేను కుంచె పట్టి ఎన్నేళ్ళయిందనుకున్నావ్? ఈ కుర్చీలో కూర్చున్నప్పట్నుంచీ టెండర్లు, మీటింగులు, సంతకాలు. మీరంతా లోపల రంగులతో ఆడుకుంటుంటే నేను బయట కూర్చుని ఆమోదించడమైనది అని రాసుకుంటున్నాను. నీ కన్ను దెబ్బతిన్నదని తెలిసిన రోజు నాకు బాధేసింది. మర్నాడు పొద్దున నాకు పని దొరికింది. అలారం లేకుండా లేచాను."

కోపం రావాల్సింది. రాలేదా, వచ్చినా నేను గుర్తుపట్టలేదా తెలియదు. నా పేరెందుకు పంపారని మాత్రం అడిగాను, రంగు తెలియని మనిషిని ఆ కుర్చీకి ఎలా పంపారని.

"ఆ కుర్చీలో నీలానికీ బూడిదకీ తేడా తెలియాల్సిన పని లేదు. తెలిసి కూర్చున్నాను కాబట్టి నేనెంత ఏడ్చానో నాకు తెలుసు. నీకు ఆ బాధ ఉండదనుకున్నాను."

ఇంతకంటే పెద్ద అవమానం నాకు ఇంతవరకూ ఎవరూ చేయలేదు. ఇంత ప్రేమగా కూడా ఎవరూ చేయలేదేమో. ఈ రెండో వాక్యం కొట్టేయాలనిపిస్తోంది. కొట్టేయడం లేదు.

ఆగస్టు 4

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందంటారు. ఇక్కడ పిల్లులు రెండు.

ఆగస్టు 9

ఆయనకి అంతా చెప్పాను. లెక్కల మనిషి కదా, చిక్కు విప్పి పెట్టారు. నువ్వు చెబితే మేడమ్ పరువు పోతుంది, నీ కుర్చీ పోతుంది, బొమ్మకి కొత్తగా వచ్చేది ఏమీ లేదు. చెప్పకపోతే అందరికీ బాగుంటుంది. ఆపరేషన్ అయ్యాక నీ చూపు కూడా వస్తుంది. ఎటు చూసినా సమాధానం ఒకటే కదా అన్నారు.

తప్పు ఎక్కడుందో చెప్పలేకపోయాను. బొమ్మకి కొత్తగా వచ్చేదేమీ లేదన్న చోట ఉందనుకుంటాను. రేపు ఇంకెవరో ఆ బొమ్మ మీద పని చేస్తారు. రిపోర్టు చూస్తారు. అందులో గీతలు అని ఉంటుంది. గీతలని నమ్మి దూది పెడతారు. ఆ చుక్కలు ఏ పెట్టెలోవో, దేనితో కలిపారో, దేనితో పోతాయో వాళ్ళకి తెలియదు. నమ్మినందుకు శాలువా పాడవుతుంది. మేమెవరం అప్పటికి ఉండం. మా పని అంతా అలా కనిపించని మనుషుల కోసమే.

ఇది నీతి అని నమ్ముతున్నానా, మేడమ్ అన్న మాటకి కక్షా? రెండూ కలిపితే ఏ రంగొస్తుందో ఇప్పుడు చెప్పగలిగే స్థితిలో లేను.

ఆగస్టు 19

కుడి కన్ను అయింది. నొప్పి లేదు. నర్సు నన్ను అమ్మమ్మగారూ అంది, ఆ వార్డులో అందరినీ అలాగే అనడం అలవాటయి. చెల్లి నవ్వాపుకోలేక బయటికెళ్ళింది.

ఆగస్టు 20

కట్టు విప్పారు. గోడ తెల్లగా ఉంది. ఇంత తెలుపు ఉంటుందని మర్చిపోయాను. మంచం పక్కన చెత్తబుట్ట నీలం. మామూలు ప్లాస్టిక్ చెత్తబుట్ట. దాన్ని అంతసేపు చూస్తుంటే వికారంగా ఉందేమోనని నర్సు దగ్గరికి జరిపింది.

కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూస్తే అదే బుట్ట మట్టిరంగు. మార్చి మార్చి చూశాను. ఎడమ కంటి లోకంలో నేను ఏడాది పైన ఉన్నాను, బాగానే ఉన్నాననుకుంటూ ఉన్నాను. రెండో కన్ను వచ్చే నెల.

సెప్టెంబరు 2

ల్యాబ్. శాలువా ఆవిడ ముందు నిలబడి కుడి కంటితో చూశాను.

మెడ దగ్గరి మడత నాది. బూడిద. చిన్నపిల్లలు కూడా చెబుతారు. మిగతా శాలువా మేడమ్‌ది. దగ్గరికెళ్ళి భూతద్దం పెట్టాను. ఒక నీలం కాదు. ఒక చుక్క ఊదా, ఒక చుక్క ఆకుపచ్చ వైపు, ఒకటి దాదాపు నలుపు. అద్దం తీసి వెనక్కి నడిస్తే అన్నీ కలిసి మడతలయి, నీడలయి, ఉన్ని అయి నిలబడుతున్నాయి. నా కళ్ళు బాగున్న రోజుల్లో కూడా నేను ఇలా చేయలేదు. గీతలు వేసుకుంటూ పోయే మనిషిని. ఇలాంటి పని చేయగల మనిషి పక్క గదిలో సంతకాలు పెడుతుంటే, మేమంతా ఆవిడ దగ్గరికి దూది బిల్లులు తీసుకెళ్ళాం.

దీన్ని దూదితో తుడిచేసి, అంతా మళ్ళీ నేనే వేసి, నా పేరు రాసుకోవచ్చు. అప్పుడు మేడమ్‌కి మాట రాదు. వారం నుంచి అదే దారి అనుకుంటున్నాను. ఒక దూదిపుల్ల తడిపి చేతిలో పట్టుకున్నాను కూడా. ఆరిపోయింది.

సెప్టెంబరు 5

డైరెక్టరుకి చెప్పాను. ముందు మేడమ్‌కి చెప్పే వెళ్ళాను. నీ ఇష్టం అన్నారావిడ, తల ఎత్తకుండా. రావడానికి ఒప్పుకోలేదు, ఆపడానికీ ప్రయత్నించలేదు.

నా కళ్ళ సంగతి, గుర్రబ్బండి, శాలువా, చుక్కలు, అన్నీ చెప్పాను. ఆయన చాలా మర్యాదగా విన్నారు. చివరికి, ఇప్పుడు కన్ను బాగైంది కదమ్మా, బొమ్మ కూడా బాగుంది కదా, పోస్టరు ప్రెస్సుకి వెళ్ళిపోయింది, ఇంకా ఎందుకు అన్నారు. మా ఆయన మాటే. లోకంలో అందరూ ఒకే లెక్క చేస్తారు.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాస్తానన్నాను. రాస్తే కమిటీకి పెట్టాల్సి వస్తుంది, ఆ రెండు బొమ్మల్నీ బయటివాళ్ళు వచ్చి చూస్తారు, మీ పేరు మీద ఫైలు ఆగిపోతుంది, మేడమ్‌గారు వెళ్ళేముందు ఇదొక మచ్చ అన్నారు. మచ్చే అనుకోవాలా సార్ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నాకూ ఆ క్షణంలో పూర్తిగా అర్థం కాలేదు. లేచి వచ్చేశాను.

సెప్టెంబరు 6

మేడమ్ నాతో మాట్లాడలేదు. టీ కూడా తన గదికే తెప్పించుకున్నారు.

సెప్టెంబరు 9

రిపోర్టు రాశాను. క్షమాపణలా రాస్తే క్షమాపణలా ఉంది, ఫిర్యాదులా రాస్తే ఫిర్యాదులా ఉంది. మూడుసార్లు చింపి, చివరికి ఎప్పుడూ రాసేలాగే రాశాను. శాలువా, ఎడమ సగం: కింద గీతలు, నావి, రంగు తప్పినవి. పైన చుక్కలు, వాడిన రంగులు ఇవి, కలిపింది దీనితో, తీయాలంటే దీనితో. గుర్రబ్బండి ఆకాశానికీ అంతే. రంగుల పెట్టె వివరాలు కావాలని మేడమ్ గదికి వెళితే, ఆవిడ బీరువా తీసి పెట్టె నా చేతిలో పెట్టారు. గొట్టాలన్నీ కింది నుంచి చక్కగా నొక్కి మడిచి ఉన్నాయి.

పని చేసినవారు అన్న గడిలో రెండు పేర్లు టైపు చేశాను. ముందు ఆవిడది.

మధ్యాహ్నం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఆవిడ చదివారు. మామూలుగా కాగితం తిప్పేసి సంతకం పెట్టేస్తారు. ఇవాళ వేలు పెట్టుకుని ప్రతి వరసా చదివారు. రెండో పేజీలో ఆగారు.

"మోచెయ్యి దగ్గర నాదని రాశావ్. అక్కడ నేను ముట్టుకోలేదు. అది నీదే."

వెళ్ళి దీపం కింద చూశాను. నిజమే. మోచేతి వంపులో బొటనవేలి గోరంత చోట అన్నీ నా గీతలే. పక్క చుక్కలు చూసి, అక్కడా ఉండే ఉంటాయని రాసేశాను. మామూలు వెలుగులోకి తెచ్చి కుడి కంటితో చూశాను. కుదిరింది. ఎలా కుదిరిందో తెలియదు. గుడ్డిగా కుదిరింది. తిరిగొచ్చి ఆ వరస కొట్టేసి నా పేరు రాశాను. అలా రాయడం ఇంత కష్టంగా ఉంటుందనుకోలేదు. మిగతా తప్పులన్నీ నావని రాసినప్పుడు చెయ్యి ఆగలేదు.

ఆవిడ పెన్ను తీసుకున్నారు. చెయ్యి నేరుగా పేజీ అడుగుకి వెళ్ళి, ఆమోదించినవారు అన్న గడిలో సంతకం పెట్టేసింది. పెట్టాక ఇద్దరం చూశాం. ఇన్నేళ్ళ అలవాటు. ఆవిడకి ముందు నవ్వొచ్చింది, తర్వాత నాకు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈసారి చాలాసేపు తుడిచారు.

"ఇంకో కాపీ తీయ్."

తీసి తెచ్చాను. పై గడి ఎక్కడుందో వేలితో వెతుక్కుని, అందులో నెమ్మదిగా, కొత్తగా రాయడం నేర్చుకుంటున్నట్టు పూర్తి పేరు రాశారు. పక్కన నేను రాశాను.

కింది గడిలో ఎవరు పెట్టాలి అని ఆవిడే అడిగారు. ఆవిడ పెట్టకూడదు, పని తనది కాబట్టి. నేను పెట్టకూడదు. నా ఫైలు ఆగిపోయిందని పొద్దున్నే కబురొచ్చింది. ఆ కుర్చీలోకి ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో తెలియదు.

కింది గడి ఖాళీగానే పైకి పంపాం.